ముల్లు దించే చెయ్యి

"ముల్లు నువ్వు దించమ్మా," అంది అత్తగారు చిన్నకోడలితో.

వంటింటి గుమ్మంలో నిలబడి తువ్వాలుతో చేతులు తుడుచుకుంటున్న పెద్దకోడలు ఆ మాట విని అక్కడే ఆగిపోయింది. చేతులు ఎప్పుడో ఆరిపోయాయి గానీ తుడుస్తూనే ఉంది.

పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన నాటినుంచి ఆ రికార్డు ప్లేయరు మీద దుమ్ము దులిపింది తను. దాని గాజుమూతకి మరకలు పడకుండా చూసింది తను. అల్మరా వెనక గోడ చెమ్మ కక్కుతోందని రికార్డుల వెనకాల అట్టలు అడ్డం పెట్టింది తను. ఇన్నేళ్ళలో ఒకే ఒక్కసారి, పాట పెడదామని ముల్లు మీద చెయ్యి వెయ్యబోతే, "ఆగవే! నీది బరువు చెయ్యి, గాడి చెడుతుంది," అని అత్తగారు కసిరిన కసురుకి మళ్ళీ ఆ ఛాయలకి పోలేదు. ఇవాళ రెండు వీధుల అవతలినుంచి చెప్పులు టకటకలాడించుకుంటూ వచ్చిన మనిషికి, కుర్చీలో కూర్చుని ఇంకా ఊపిరన్నా తీసుకోని మనిషికి, "నువ్వు దించమ్మా" అట!

చిన్నకోడలు రంగేసిన గోళ్ళతో ముల్లున్న ఆ సన్నపు చేతిని పైకెత్తి, తిరుగుతున్న రికార్డు అంచున, నిద్రపోతున్న పిల్లకి దుప్పటి కప్పినంత మెల్లగా దించింది. కాస్త చిటపట, ఆ తర్వాత వయొలిన్.

"చూశావా, ఎంత నాజూకు చెయ్యో," అంది అత్తగారు దిండు మీద తల వాల్చి.

చూసింది. చూడక చస్తుందా.

సంగతేమిటంటే, వానల్లో బాత్రూంలో జారిపడ్డ దగ్గర్నుంచి అత్తగారికి నడుము నిలవటం లేదు. మంచం ముందుగదిలోకి మార్చారు. మనిషి పట్టుకుంటే గానీ అడుగు పడదు. చేతులా, వణుకు. ఆ వణికే చేత్తో ముల్లు దించితే రికార్డు మీద గీత పడుతుంది. పైగా గోడ చెమ్మకి కవర్లు బూజు పట్టడం మొదలెట్టాయి. సంగీతం నేర్పే బడివాళ్ళు రికార్డుల్ని తీసుకుని భద్రంగా దాచుకుంటామన్నారు. శనివారం బండి పంపుతారు. ఈలోగా పాటలన్నీ ఇంట్లో ఉన్న కంప్యూటర్లోకి ఎక్కించేస్తే అత్తగారు మంచం మీదనుంచే ఒక మీట నొక్కి వినొచ్చని చిన్నకోడలు మాటిచ్చింది. పొద్దుటిపూట ఆఫీసు, మధ్యాహ్నం నుంచి ఇక్కడ. ఒక వైరు తెచ్చి ప్లేయరు వెనకాల ఓ కొస, కంప్యూటర్ వెనకాల ఇంకో కొస గుచ్చింది. తెర మీద ఎర్ర బొత్తాం నొక్కితే పచ్చటి గీత ఒకటి పాటతోపాటు ఎగురుతూ సాగుతుంది. రికార్డు ఒక పక్క ఎంతసేపు పాడితే అంతసేపూ కూర్చోవాల్సిందే, తొందరపెడితే లొంగే పని కాదు.

పని పంచుకున్నారు. పంచుకున్నారంటే, అత్తగారు పంచింది. రికార్డులు కడగడం పెద్దదానికి, పాడించడం చిన్నదానికి.

కడగడం మాత్రం తేలికా? గోరువెచ్చని నీళ్ళలో గిన్నెల సబ్బు నాలుగు చుక్కలు. రికార్డుని రెండు అరచేతుల మధ్య అంచులు మాత్రమే తగిలేట్టు పట్టుకోవాలి. నడిమధ్య కాగితం తడవకూడదు. మెత్తని గుడ్డతో గాడి వెంబడే గుండ్రంగా తుడవాలి గానీ అడ్డంగా కాదు. ఆపైన మంచినీళ్ళతో ఒకసారి కడిగి, పళ్ళేలు ఆరబెట్టే స్టాండులో నిలువుగా నిలబెట్టాలి. మంచం మీదనుంచి అత్తగారు వంటింట్లోకి కేకేస్తూనే ఉంది.

"అడ్డంగా రుద్దకే!"

"రుద్దడం లేదత్తయ్యా."

"నువ్వు రుద్దుతున్నావు. నాకు వినబడుతోంది."

"నేనింకా నీళ్ళే పట్టలేదు."

"పట్టాక రుద్దుతావుగా. ముందే చెబుతున్నా."

నల్లగా మెరిసే రికార్డుల్ని తువ్వాలు మీద పెట్టి ముందుగదికి మోసుకొస్తే, చిన్నకోడలు తలెత్తకుండా "థాంక్స్ అక్కా" అనేది. అత్తగారు మాత్రం "ఇదుగో వచ్చిందమ్మా నీ రికార్డు," అనేది, రికార్డు తనకి తానే స్నానం చేసి నడిచొచ్చినట్టు.

పెరటి చెట్టు మందుకి పనికిరాదని ఊరికే అన్నారా!

ఆ సాయంత్రం చిన్నకోడలు వెళ్ళబోయేముందు, ఎక్కించిన పాటల్లో ఒకటి వినిపిస్తానంది. పెద్దకోడలు టీ కప్పులు పట్టుకొచ్చి గోడకానుకుని నిలబడింది. కంప్యూటర్ పక్కనున్న చిన్న స్పీకర్లలోంచి పాట వచ్చింది. అత్తగారు కళ్ళు మూసుకుంది. పాట సగానికి వచ్చేసరికి, ఆడగొంతు సాగదీస్తున్న చోట, వెనకాల ఎక్కడో ఖంగుమని ఏదో పడింది. పడి, గిరగిరా తిరిగి, చివర్లో పిల్లి తుమ్మినట్టు చిన్నగా 'టిక్' మంది.

పెద్దకోడలి చేతిలో కప్పు ఆగింది. అది పాలగిన్నె మూత. అంచు సొట్టపోయిన మూత. మధ్యాహ్నం చెయ్యి జారి పడింది. ఆ తుమ్ము ప్రపంచంలో ఇంకే మూతకీ రాదు.

"పాత రికార్డు కదా అత్తయ్యా, మధ్యమధ్య ఇలాంటి చప్పుళ్ళుంటాయి," అంది చిన్నకోడలు.

రికార్డులో మూతెందుకుంటుంది? పెద్దకోడలు తెర వైపు చూసింది. తెర నెత్తిన, తన మొగుడు ఆఫీసు వాళ్ళతో మాట్లాడ్డానికి పెట్టుకున్న చిన్న కెమెరా గుడ్లగూబలా కూర్చుంది. దానికి చెవి కూడా ఉంది. మొగుడు దానితో మాట్లాడేటప్పుడు "గిన్నెలు నెమ్మదిగా తోమవే, అక్కడ మా మేనేజరు ఉలిక్కిపడుతున్నాడు," అని ఎన్నిసార్లు గోలపెట్టలేదూ! ఆమెకి వెంటనే అర్థమైపోయింది. వైరు గుచ్చారు గానీ కంప్యూటర్ వినేది వైరులోంచి కాదు, ఆ గుడ్లగూబ చెవిలోంచి. ప్లేయరు పాడిన పాటా, ఇంట్లో పడిన చప్పుడూ, అన్నీ కలిపి మింగుతోంది.

చెబుదామని నోరు తెరిచింది. నిజంగానే తెరిచింది.

"ఏం చెయ్యమ్మా నీది," అంటోంది అత్తగారు చిన్నకోడలి మణికట్టు పట్టుకుని. "ముట్టుకుంటే పాట పుడుతుంది. మా పెద్దది ఏది ముట్టుకున్నా చప్పుడే."

చిన్నకోడలు నవ్వింది. పెద్దకోడలు తెరిచిన నోట్లో టీ పోసుకుంది.

*

మర్నాటినుంచి ఆమె చెప్పకపోవడం ఒక్కటే కాదు, ఇంకో మెట్టు కూడా దిగింది. మొదట్లో పని పనిలాగే చేసుకుంది, చప్పుడైతే కానీ అనుకుని. ఆ తర్వాత కాస్త చెయ్యి వదులు చేసింది. గిన్నె మీద గిన్నె పెట్టేటప్పుడు నాలుగంగుళాల ఎత్తునుంచే వదిలేసింది. పాట మంచి పట్టులో ఉండగా మిక్సీ వేసింది. కిటికీలోంచి పక్కింటావిడని పిలిచి, ఎన్నడూ లేనిది, వాళ్ళ కుక్క ఆరోగ్యం అడిగింది. రికార్డులు మోసుకొచ్చేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, పైకీ లోపలికీ కాని గొంతుతో, "మహారాణిగారు సింహాసనం దిగకుండా పాటలెక్కిస్తున్నారు. ఆ చేత్తో ఒక గ్లాసు కడిగితే గోళ్ళు రాలిపోతాయి కాబోలు," అనుకుని, గొంతు సవరించుకుని లోపలికొచ్చేది.

"ఏమన్నావక్కా?"

"నేనేమన్నాను? నా మొహం."

మంచం పక్కన కుర్చీ జరుపుకుని చిన్నకోడలు కూర్చునేది. పాట నడుస్తున్నంతసేపూ అత్తగారూ ఆమే తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడుకునేవారు. ఏ పాట ఎప్పుడు కొన్నదీ, ఏ పాటకి మామగారు విసుక్కునేదీ. ఇన్నేళ్ళలో ఆ కబుర్లలో ఒక్కటీ పెద్దకోడలి చెవిన పడలేదు. తనతో అత్తగారు మాట్లాడేది మందులు, మలబద్ధకం, నీళ్ళు వేడిగా లేవు, నీళ్ళు మరీ వేడిగా ఉన్నాయి. వంటింట్లో నిలబడి ఉల్లిపాయ తరుగుతూ ఆ గుసగుసలు వింటుంటే ఆమెకి కళ్ళమ్మట నీళ్ళొచ్చేవి. ఉల్లిపాయే అనుకుంది.

బుధవారం నాడు అత్తగారి మందుల కోసం బయటికెళ్ళింది. మందుల కొట్లో ఒకటే జనం. తిరిగొచ్చి తలుపు తీసిందో లేదో, "ఎక్కడ చచ్చావే ఇంతసేపు?" అని అత్తగారు అరిచిన అరుపుకి వీధిలోవాళ్ళు తిరిగి చూసుంటారు. పక్కనే చిన్నకోడలు, ఒళ్ళో చేతులు పెట్టుకుని, తలొంచుకుని. దాని ముందు! పెద్దకోడలు సంచీ దభీమని కింద పడేసి, మాట్లాడకుండా అత్తగారి సంకలో చెయ్యేసి లేపి బాత్రూంకి నడిపించింది. నడిపిస్తున్నంతసేపూ పళ్ళు కొరుకుతూనే ఉంది. 'దానికి నువ్వమ్మా, రామ్మా. నాకు చచ్చావే.' ఆ సాయంత్రం వేసిన మిక్సీలో ఏమీ లేదు. ఉత్తదే తిప్పింది.

*

శుక్రవారం పొద్దున్నకి రికార్డులన్నీ అయిపోయాయి. అట్టపెట్టెల్లో సర్ది గుమ్మం దగ్గర పెట్టారు. అత్తగారు మందేసుకుని నిద్రపోయింది. ఇంట్లో ఇంకెవరూ లేరు.

తను చేసిన నిర్వాకం ఒకసారి వినాలనిపించింది పెద్దకోడలికి. మొగుడి హెడ్‌ఫోను తలకి తగిలించుకుని కుర్చీలో కూర్చుంది. చిన్నకోడలు పాటల్ని రోజులవారీగా పెట్టింది. మంగళవారం నొక్కింది. పాట, పాట వెనకాల గిన్నెలు, గిన్నెల వెనకాల "మహారాణిగారు". తన గొంతు ఇంత బొంగురా! నవ్వొచ్చింది. పక్కింటి కుక్క సంగతి వచ్చేసరికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. పెళ్ళివారింటి వంటసాలలో సంగీత కచేరీ పెట్టినట్టుంది వ్యవహారం.

ఆపైన బుధవారం నొక్కింది.

పాట నడుస్తోంది. ఇందులో గిన్నెల చప్పుడు లేదు. తను ఇంట్లో లేదు కదా.

"పెద్దది వచ్చిందా?" అత్తగారి గొంతు.

"ఇంకా లేదత్తయ్యా. ఏమన్నా కావాలా?"

"ఏమీ వద్దమ్మా. బాగుంది పాట."

పాట అయింది. ఇంకో పాట మొదలైంది.

"వీధి తలుపు చప్పుడైందేమో చూడమ్మా."

"గాలికత్తయ్యా."

మంచం కిర్రుమంది. ఇంకోసారి. పెద్దకోడలికి ఆ కిర్రు తెలుసు. అత్తగారు ఒంటికి ఆపుకుంటున్నప్పుడు కాళ్ళు దగ్గరికి ముడుచుకుంటుంది, అప్పుడు వచ్చే కిర్రు అది.

"బాత్రూంకి వెళ్ళాలా అత్తయ్యా? లేవండి, నేను తీసుకెళ్తాను."

"అబ్బెబ్బే, నువ్వెందుకమ్మా. మంచి బట్టలు కట్టుకొచ్చావు."

"బట్టలదేముంది..."

"నీది నాజూకు చెయ్యమ్మా, నన్ను ఆపలేదు. నన్ను నిలబెట్టాలంటే దాని బరువు చెయ్యే కావాలి. చుట్టపుచూపుగా వచ్చినదానివి, నువ్వు పాట పెట్టుకో. అది వస్తుందిలే."

"నేను చుట్టాన్నా అత్తయ్యా?"

దానికి జవాబుగా పాటే వచ్చింది. ఆ పాట అయిపోయాక రికార్డు తిప్పి వేసిన చప్పుడు, మళ్ళీ పాట, మళ్ళీ కిర్రు. ఆ తర్వాత తలుపు. "ఎక్కడ చచ్చావే ఇంతసేపు?" దభీమని సంచీ. రెండు జతల కాళ్ళు, ఒకటి గట్టిగా, ఒకటి ఈడుస్తూ, దూరంగా పోయాయి.

పెద్దకోడలు కుర్చీలో నిటారుగా అయింది. గెలుపు! కడుపులో చల్లగా, పండగలాగా ఉంది. ముల్లు దానికిచ్చింది, ఒళ్ళు నాకిచ్చింది. పొగడ్త చుట్టానికి పెట్టే పళ్ళెం లాంటిది, ఇంటివాళ్ళు గిన్నెలోంచే తింటారు. ఎంత తిక్కదాన్ని నేను!

హెడ్‌ఫోను తీసెయ్యబోయింది. ఇంకా ఏదో వినబడుతోంది. పాట అయిపోయి ముల్లు చివరి గాడిలో గర్రు గర్రుమని తిరుగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు. ఆ గర్రు మధ్యన ముక్కు ఎగబీల్చిన చప్పుడు. కాసేపాగి, చీదిన చప్పుడు. ఆపైన చిన్నకోడలు గొంతు సవరించుకుని, ఏమీ జరగనట్టు ముల్లు ఎత్తింది.

పెద్దకోడలు ఆ చీదుడు ఇంకోసారి పెట్టుకుని వింది. కడుపులో పండగ కాస్త చప్పబడింది. అట్టపెట్టెల వైపు చూసింది. రేపు బండి వస్తుంది. పెట్టెలు పోతాయి. ముసలామెకి మిగిలేది పక్కింటి కుక్క ఆరోగ్యం.

*

చిన్నకోడలు మధ్యాహ్నం రాగానే పెద్దకోడలు ఆమె చెయ్యిపట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"ఆ పాటల్లో మూత పడిన చప్పుడుంది చూడు. అది మన పాలగిన్నె మూత. కెమెరా వింటోంది, నీ వైరు కాదు. నాకు మొదటిరోజే తెలుసు. చెప్పలేదు."

చిన్నకోడలి మొహం పాలిపోతుందనుకుంది. పాలిపోలేదు. ఆమె సింకు వైపు చూస్తూ గోటితో గోటి రంగు గీకుతోంది.

"నాకు మంగళవారం రాత్రి పాటలు ఇంటికి పట్టుకెళ్ళి వింటే తెలిసిందక్కా."

"ఏమిటీ!"

"మహారాణి అన్నావు. గోళ్ళు రాలిపోతాయన్నావు. బుధవారం సాయంత్రం ఉత్త మిక్సీ వేశావు, అంత పిచ్చిదాన్నా, ఉత్త మిక్సీకీ నిండు మిక్సీకీ తేడా తెలీదా?"

"మరి నోరు మూసుకుని ఎందుకు కూర్చున్నావే?"

"ఏమని చెప్పను? ఈ ఇంట్లో అత్తయ్య నన్ను మెచ్చుకునేది ఈ ఒక్క పనికే. అదీ తగలేశానని చెప్పనా? నీకేం, నువ్వు పది తప్పులు చేసినా తిట్టి మళ్ళీ నిన్నే పిలుస్తుంది."

ఇద్దరూ ఆ సింకు దగ్గర, ఒకే గొడ్డలితో చెరో కొమ్మ నరుక్కున్నవాళ్ళలా నిలబడ్డారు.

"ఏం గుసగుసలే అక్కడ?" అని ముందుగదిలోంచి కేక.

"నేను చెబుతా పద," అంది పెద్దకోడలు. "తిట్లు తినడం నాకలవాటే."

చెప్పింది. చిన్నకోడలికీ తెలుసన్న ముక్క మాత్రం చెప్పలేదు. 'వైరు పొరపాటు తెలిసి కూడా నేనే ఊరుకున్నాను. పైపెచ్చు కావాలని చప్పుడు చేశాను.' అత్తగారు నవ్వి ఊరుకుంటుందని ఎక్కడో ఆశ ఉండింది. అత్తగారు నవ్వలేదు. ఒక పాట పెట్టించుకుని వింది. మధ్యలోనే ఆపమని చెయ్యూపింది. గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ వీపు చూస్తే పెద్దకోడలికి భయమేసింది. ఇన్నేళ్ళలో తిట్టని కోపం అదే మొదటిసారి చూడటం.

గోడతోనే అన్నట్టు అంది. "అంత కుళ్ళుందా నీకు?"

"ఉంది," అంది పెద్దకోడలు.



"ఆ బడివాళ్ళకి ఫోన్ చెయ్. బండి వచ్చేవారం పంపమను. ఆ గుడ్లగూబని పీకి అవతల పారెయ్యండి. అన్నీ మొదట్నించీ ఎక్కించాలి." ఇటు తిరిగింది. "నీ కాళ్ళూ చేతులూ ఇంట్లో ఆడుతున్నంతసేపూ చప్పుడు ఆగదు. ఇదిగో, ఈ కుర్చీలో కూర్చో. ముల్లు నువ్వే దించాలి. అదే నీకు శిక్ష. పక్క అయిందాకా కదిలావో, కాళ్ళు విరగ్గొడతా."

"నాది బరువు చెయ్యి కదత్తయ్యా."

"తెలుసు. అందుకే భయపడుతూ దించుతావు."

*

చిన్నకోడలు వైరు సంగతి సరిచేసి, ఏ బొత్తాం నొక్కాలో చూపించి, చేతులు పైకి మడుచుకుని వంటింట్లోకి వెళ్ళింది. పెద్దకోడలు కుర్చీలో కూర్చుంది. అరచేతులు రెండుసార్లు ఒంటికి తుడుచుకుంది. ఎర్ర బొత్తాం నొక్కి, ఆ సన్నపు చేతిని చూపుడువేలితో ఎత్తింది. ఇంత తేలికా ఇది! గాలిని పట్టుకున్నట్టుంది. ఊపిరి బిగపట్టి దించింది. చిటపట. వయొలిన్. పచ్చగీత ఎగిరింది.

అత్తగారు తిట్టలేదు, పొగడలేదు.

వంటింట్లో ఖంగుమని మూత పడింది. గిరగిరా తిరిగి తుమ్మింది. పెద్దకోడలు ఉలిక్కిపడి తెర వంక చూసింది. గీత పాటతోపాటు దాని దారిన అది పోతోంది. మూత దాన్ని ముట్టుకోలేదు. అమ్మయ్య అనుకుంది. ఇంత పని నేర్చుకోవడానికి ఒక వారం పాటు కుళ్ళి చావాలా?

అప్పుడు మంచం కిర్రుమంది. కాళ్ళు ముడుచుకున్న కిర్రు.

ఆమె చటుక్కున లేవబోయింది.

"కూర్చో," అంది అత్తగారు. "నీ నడకకి నేల అదురుతుంది, ముల్లు ఎగురుతుంది. ఏమే చిన్నదానా! చేతులు కడుక్కుని ఇటు రా."

చిన్నకోడలు పరిగెత్తుకొచ్చింది. నుదుటి మీద పిండి. మంచం పక్కన వంగి, ఎక్కడ పట్టుకోవాలో తెలియక భుజం పట్టుకుంది.

"అక్కడ కాదే, సంకలో చెయ్యి పెట్టు. నాజూకులు తర్వాత పోదువుగానీ. లాగు! గట్టిగా! నేనేం గాజుబొమ్మనా?"

"అమ్మో, బరువున్నారత్తయ్యా!"

"మీ అక్క ఎప్పుడన్నా అందా ఆ మాట? నడు."

చిన్నకోడలు నవ్వుతోంది. తిట్లు తింటూ నవ్వుతోంది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు వాలి నడవాలోకి మళ్ళారు. గడప దగ్గర అత్తగారి ఎడమకాలు లేవదు, అక్కడ ఆగి మోకాలు కింద కాస్త ఆసరా ఇవ్వాలి. ఆ సంగతి దానికి తెలీదు. పెద్దకోడలి నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట. ఇంతలో గడప దగ్గరనుంచే, "మోకాలు కింద పట్టుకోవే మొద్దూ!" అని అత్తగారి కేక, "అలాగలాగే" అని చిన్నదాని గొంతు, ఆపైన ఇద్దరి నవ్వూ వినబడ్డాయి.

పెద్దకోడలు కుర్చీ అంచు రెండు చేతులా పట్టుకుని కదలకుండా కూర్చుంది. ఎదురుగా ముల్లు, తను దించిన ముల్లు, గాడి తప్పకుండా నడుస్తోంది. పాట ఎక్కడా చెడలేదు.

చెవులు నడవా వైపే ఉండిపోయి, అందులో ఒక్క ముక్కా ఆమెకి వినబడలేదు.